తాడు ఎవరు పట్టుకుంటారు?

"కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి రా." ఈమధ్య ఈ మాట వినని రోజు లేదు. అప్రైజల్ మీటింగులో మేనేజర్ అంటాడు. ఇంజినీరింగ్ కాలేజీ ఫ్రెషర్స్ డే నాడు ముఖ్య అతిథి అంటాడు. పొద్దున్నే ఫోన్ తెరిస్తే రీల్‌లో ఎవరో కుర్రాడు కారులో కూర్చుని అదే మాట అంటాడు. మాట తప్పని నేను అనను. కొత్త పనంటే భయపడి ఉన్నచోటే ఉండిపోతే మనిషికి ఎదుగుదల ఉండదు, నిజమే. నా అభ్యంతరం వేరు. ఈ సలహా ఇచ్చేవాళ్ళలో చాలామంది అక్కడితో ఆపేస్తారు. దూకమంటారు, పక్కకి తప్పుకుంటారు. దూకినవాడు నిలబడితే "చూశావా, నేను ముందే చెప్పాను" అంటారు. పడితే "వాడికి అంత ధైర్యం లేదులే" అంటారు.

నేను చూసినంతలో, చదివినంతలో, అలవాటైన గీత దాటి కొత్తచోట నిలదొక్కుకున్న మనుషుల వెనక దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు తాడు పట్టుకుని ఉన్నారు. ధైర్యం ఆ తాడు వల్ల వచ్చింది. అందుకని గీత దాటమని చెప్పేవాళ్ళు ఎవరైనా సరే, నేను అడిగే ప్రశ్న ఒకటే: తాడు ఎవరు పట్టుకుంటున్నారు?

తాడు అన్నాను కాబట్టి నిజంగా తాడుతోనే నడిచిన కథ ముందు చెబుతాను. మాలావత్ పూర్ణ పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, లంబాడా కుటుంబం, వ్యవసాయ కూలీ చేసుకునే అమ్మానాన్నలు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఈ ఒక్క వాక్యం చెప్పి, "చూశారా, ధైర్యం ఉంటే ఏదైనా సాధించవచ్చు" అని చప్పట్లు కొట్టించే ఉపన్యాసాలు నేను చాలానే విన్నాను. విన్న ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ పిల్ల ధైర్యం తక్కువదని కాదు. ఆ ధైర్యాన్ని ఎలా కట్టారో ఎవరూ చెప్పరు.

పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. అప్పట్లో ఆ గురుకులాల సంస్థకి కార్యదర్శి ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. పిల్లల్ని మొదట తీసుకెళ్ళింది హిమాలయాలకి కాదు, భువనగిరి గుట్టకి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే దారిలో రైల్లోంచి చూసినా కనిపిస్తుంది, ఒకే రాయిలా నున్నగా లేచి ఉంటుంది. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే పెద్దవాళ్ళకే గుండె ఝల్లుమంటుంది. రాక్ క్లైంబింగ్‌లో ఎక్కడం కన్నా ముందు నేర్పేది ముడి వేయడం. ఆ తరవాత బిలే. అంటే ఎక్కేవాళ్ళ నడుముకి కట్టిన తాడుని ఇంకొకరు పట్టుకుని, వాళ్ళు పైకి పోతున్నకొద్దీ సర్దుతూ ఉండటం. కాలు జారితే అడుగో రెండడుగులో జారి మనిషి గాల్లో ఆగిపోతాడు. అలా ఒకసారి జారి ఆగినవాళ్ళకి తరవాత బండ మీద చెయ్యి ధైర్యంగా పడుతుంది. పడిపోనని నమ్మకం కలగడం వల్ల కాదు, పడితే ఏమవుతుందో తెలియడం వల్ల.

అలా శిక్షణ తీసుకున్న పిల్లల్లోంచి కొందరిని ఎంపిక చేసి డార్జిలింగ్ పంపారు. అక్కడ మంచు మీద నడక, ఐస్ యాక్స్, బూట్లకి కట్టే ఇనప ముళ్ళు. ఆ తరవాత చలికాలంలో లడాఖ్. చివరికి మిగిలింది ఇద్దరు: పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్. కోచ్ శేఖర్ బాబు. నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే 16 ఏళ్ళు నిండాలి, అందుకని టిబెట్ వైపు నుంచి ఎక్కారు. వెంట షెర్పాలు ఉన్నారు, ఆక్సిజన్ సిలిండర్లు ఉన్నాయి, ఖర్చు పెట్టడానికి ప్రభుత్వ సంస్థ ఉంది, వద్దనుకుంటే వెనక్కి వచ్చేయడానికి దారి ఉంది. ఇవన్నీ ఉన్నా సరే అది ప్రాణాలకి తెగించి చేసే పనే. ఇవేవీ లేకుండా ఒక కూలీవాళ్ళ పిల్లని "కంఫర్ట్ జోన్‌లోంచి బయటికి రా" అంటే ఆమె ఎక్కడికి వస్తుంది? ఆ పిల్ల తరవాత ఆగలేదు. 2022లో డెనాలీ కూడా ఎక్కి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు పూర్తి చేసింది. మొదటి తాడు గట్టిగా పట్టుకుంటే మనిషి ఎంత దూరం పోతాడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

ఇక మన ఇళ్ళలో జరిగే సంగతి ఒకటి. ఎవరెస్ట్ అంత పేరు రాదు గానీ, నాకు దీనిమీద ఇంకా గౌరవం ఎక్కువ. మా పెద్దమ్మది తెనాలి దగ్గర పల్లెటూరు. విజయవాడ దాటి ఒంటరిగా వెళ్ళిన మనిషి కాదు. కూతురికి డాలస్‌లో పురుడు పోయాల్సి వచ్చింది. మొదటి విమానం, అది కూడా దోహాలో మారాల్సిన విమానం. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి అమ్మలు ఎంతమంది ఉంటారో! జిల్లా దాటని మనిషి ఒక్కసారిగా రెండు విమానాలెక్కి భూమికి అటువైపు దిగుతుంది. కంఫర్ట్ జోన్ గురించి పాఠాలు చెప్పేవాళ్ళు ఈవిడ గురించి ఒక్కనాడూ మాట్లాడరు.

అల్లుడు టికెట్‌తో పాటు వీల్‌చైర్ సాయం కూడా బుక్ చేశాడు. బంధువుల్లో కొందరు నవ్వారు. "కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయిగా, వీల్‌చైర్ దేనికి?" అని. దేనికంటే, ఆ కుర్చీ తోసే మనిషి ఒక గేటు నుంచి ఇంకో గేటుకి చేర్చేదాకా వదిలిపెట్టడు కాబట్టి. బోర్డులు చదవనక్కర్లేదు, ఎవరినీ అడగనక్కర్లేదు. దానికి తోడు ఇంగ్లీషులో రాసిన కాగితాలు: నాకు తెలుగు మాత్రమే వచ్చు, నేను నా కూతురి దగ్గరికి వెళ్తున్నాను, ఇది ఆమె ఫోన్ నంబరు. ఇమిగ్రేషన్ అధికారి ఏమడుగుతాడో, ఏం చెప్పాలో రాత్రిపూట ఫోన్లో కూతురు అడిగేది, ఈవిడ అప్పజెప్పేది. పచ్చళ్ళు ఉన్నాయా అంటే ఉన్నాయని నిజం చెప్పమని కూడా నేర్పింది. శంషాబాద్‌లో దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు మేం చేసిన మొదటి పని, లైన్లో డాలస్ వెళ్ళే తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకడం. దొరికారు కూడా, వాళ్ళ అమ్మగారిని తీసుకెళ్తున్న ఒక అబ్బాయి.

తిరిగొచ్చాక పెద్దమ్మ నాతో అన్నమాట: "కుర్చీలో కూచోవాలంటే సిగ్గేసిందే అమ్మాయ్. కానీ దారి మాత్రం మొత్తం చూసిపెట్టుకున్నా." రెండోసారి వెళ్ళేటప్పుడు వీల్‌చైర్ వద్దంది. దోహాలో దిక్కులు చూస్తున్న ఇంకో పెద్దావిడని తనే గేటు దాకా తీసుకెళ్ళిందట.

చేతికి ఊతం ఇస్తే మనిషి దానికే అలవాటు పడిపోతాడని అంటారు. కొన్నిసార్లు పడతారు, కాదనను. కానీ పెద్దమ్మ లాంటివాళ్ళని చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఊతం ఉన్న మనిషికి చుట్టూ చూసే తీరిక ఉంటుంది. ప్రాణభయంతో ఉన్నవాళ్ళకి దారి కనబడదు, ఎలాగోలా బయటపడితే చాలనిపిస్తుంది. బయటపడతారు కూడా. నేర్చుకోవడం మాత్రం జరగదు.

ట్రైనింగ్ క్లాసుల్లో బోర్డు మీద ఒక వంపు గీత గీసి చూపిస్తుంటారు. టెన్షన్ బొత్తిగా లేకపోతే పని సాగదు, కాస్త పెరిగితే పని మెరుగవుతుంది, మరీ ఎక్కువైతే మళ్ళీ పడిపోతుంది అని. దీని మూలం 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకల మీద చేసిన ప్రయోగం. తెల్ల పెట్టె, నల్ల పెట్టె పెట్టారు. ఎలుక తెల్లదాంట్లోకి వెళ్ళడం నేర్చుకోవాలి, తప్పుగా నల్లదాంట్లోకి వెళ్తే కరెంట్ షాక్. రెండు పెట్టెల మధ్య తేడా స్పష్టంగా ఉన్నప్పుడు, అంటే పని తేలికైనప్పుడు, షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం గట్టి షాక్‌తో నేర్చుకోవడం వెనకబడింది, ఒక మోస్తరు షాకే బాగా పనిచేసింది. ఎలుకల సంగతి మనుషులకి యథాతథంగా అతికించడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ గీత గీసేవాళ్ళు ఈ రెండో సగాన్ని ఎందుకు వదిలేస్తారు? పని ఎంత కష్టమైతే భయం అంత తగ్గించాలి. మన ఆఫీసుల్లో జరిగేది సరిగ్గా దీనికి తిరగేసి. పని కొత్తది, కష్టమైనది, పైగా "ఇది నీకు టెస్ట్" అని భయం కూడా కలుపుతారు.

మా టీమ్‌లో జరిగింది చెబుతాను. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కోడ్‌లో ప్రతి లైనూ అతనికి కంఠతా వచ్చు. విదేశీ క్లయింట్‌కి డెమో ఇవ్వమంటే మాత్రం ముఖం పాలిపోయేది. మేనేజర్ పిలిచి, కంఫర్ట్ జోన్ వదలాలి అని చెప్పి, ఆ గురువారం కాల్‌లో అతని పేరు వేసేశాడు. అతను వాక్యాలన్నీ నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నాడు. స్క్రీన్ షేర్ చేశాక ఆ నోట్‌ప్యాడ్ తనకి కనబడకుండా కిందికి పోయింది. నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు నిశ్శబ్దం. అవతలి నుంచి ఒకాయన "ఆర్ యూ దేర్?" అన్నాడు. అంతే, గొంతు పెగల్లేదు. మేనేజర్ అందుకుని డెమో పూర్తి చేశాడు. ఆ ఏడాది రివ్యూలో ఆ కుర్రాడికి కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపడాలి అని రాశారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ అబ్బాయి ఆరో తరగతిలో హాస్టల్‌కి వెళ్ళాడు. ఇంటర్‌కి ఇంకో ఊరు. ఇంజినీరింగ్‌లో పాఠాలన్నీ ఇంగ్లీషు. అమీర్‌పేటలో నలుగురు పడుకునే గదిలో ఉంటూ కోచింగ్. ఇప్పుడు గచ్చిబౌలిలో అద్దాల మేడ. అతను కంఫర్ట్ జోన్‌లో ఉన్నది ఎప్పుడు? బయట ఉండటమే అతని బతుకు. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషికి మాత్రం చదువుకున్న భాషలో, అలవాటైన మనుషుల మధ్య, తెలిసిన పని. ఈ సలహా సాధారణంగా ఇలాగే నడుస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళు, ఎప్పటినుంచో బయట ఉన్నవాళ్ళకి బయటికి రమ్మని చెబుతారు.

తరవాత మా లీడ్ ఆ పనిని తన చేతిలోకి తీసుకుంది. ఆమెని అతను అక్కా అంటాడు. ముందు మా ఇద్దరికీ తెలుగులో డెమో ఇమ్మంది. గడగడా చెప్పేశాడు, మేం అడగని ప్రశ్నలకి కూడా జవాబులు చెప్పాడు. ఆ తరవాత టీమ్ మీటింగులో, సగం తెలుగు సగం ఇంగ్లీషు. ఆపైన క్లయింట్ కాల్‌లో స్క్రీన్ నడిపేది అతను, మాట్లాడేది ఆమె. చివరికి మాట్లాడేది కూడా అతనే, ఆమె కాల్‌లో ఉంటుంది. ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం: మాట అందకపోతే ఆమెకి చాట్‌లో ఒక చుక్క పెట్టాలి. చుక్క కనబడగానే ఏదో ఒకటి కలుపుతున్నట్టుగా ఆమె అందుకుంటుంది. క్లయింట్‌కి తేడా తెలియదు. మొదట్లో ఆ చుక్కలు పడ్డాయి. రానురాను తగ్గాయి. ఇప్పుడు కొత్తగా చేరిన అమ్మాయికి అతనే కాల్‌లో తోడుంటున్నాడు. దీనికి ప్రత్యేకమైన బడ్జెట్ కాలేదు, ట్రైనింగ్ ప్రోగ్రామ్ పెట్టలేదు. ఒక మనిషి నాలుగు గురువారాలు కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టింది.

"మమ్మల్ని ఎవరు పట్టుకున్నారు? మా నాన్న నన్ను బావిలోకి తోసేశాడు, ఈత వచ్చేసింది" అని గర్వంగా చెప్పే పెద్దలు మనలో చాలామంది. నేను బావిలో ఈత నేర్చుకున్నదాన్నే. మా ఊళ్ళో దిగుడుబావిలో పిల్లల్ని తోసిన మాట నిజం. కానీ నడుముకి తాడు కట్టేవాళ్ళు, వీపుకి ఎండిన సొరకాయ బుర్ర కట్టేవాళ్ళు, తరవాత తరవాత ప్లాస్టిక్ డబ్బా. మెట్ల మీద నాన్నో బాబాయో ఆ తాడు కొస చేతికి చుట్టుకుని నిలబడేవాళ్ళు. నీళ్ళు మింగి ఉక్కిరిబిక్కిరైతే లాగేవాళ్ళు. పెద్దయ్యాక తోపు గుర్తుంటుంది, తాడు గుర్తుండదు. తాడు లేకుండా తోసిన సందర్భాలూ ఉండే ఉంటాయి. వాటిలో బతికి బట్టకట్టినవాళ్ళే ఈ కథ చెప్పగలరు. మునిగినవాళ్ళు వేదికలెక్కి మాట్లాడరు కదా. కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ళ గురించి మాట్లాడేటప్పుడు కూడా నాకు ఇదే గుర్తొస్తుంది. ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడి ఫొటో ఫ్లెక్సీ మీద ఉంటుంది. మధ్యలో ఇంటికొచ్చేసిన పిల్లవాడి ఫొటో ఎక్కడా ఉండదు.

తాడు పట్టుకునేది పెద్ద అధికారో, డబ్బున్నవాళ్ళో అయి తీరాలని కూడా లేదు. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు ముందు పలకలు పట్టుకున్నారు. ఆ చదువు పుస్తకంలోనే, ఆడవాళ్ళంతా ఏకమైతే ఊళ్ళో సారా దుకాణం మూయించవచ్చన్న కథ పాఠంగా ఉంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పని నిజంగానే చేసి చూపించారు. వాళ్ళని ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రమంతా సారా నిషేధించింది. సారా కాంట్రాక్టర్ ముందు, తాగొచ్చిన మొగుడి ముందు ఒంటరిగా నిలబడమంటే వాళ్ళలో ఎంతమంది నిలబడేవాళ్ళు? రాత్రి బడిలో పక్కపక్కన కూర్చోవడంతోనే ఒకరి కష్టం ఒకరికి తెలిసింది. అక్కడ ఒకరికొకరు తాడయ్యారు.

ఆటల్లోనూ ఇదే చూస్తాం. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కిదాంబి శ్రీకాంత్ బ్యాడ్మింటన్‌లో మొదట్లో డబుల్స్ ఆటగాడు. సింగిల్స్‌కి మారమన్నది కోచ్ పుల్లెల గోపీచంద్. 2014 నవంబర్‌లో చైనా ఓపెన్ ఫైనల్లో ఒలింపిక్ ఛాంపియన్ లిన్ డాన్‌ని చైనాలోనే ఓడించాడు. మారమన్న మనిషే పొద్దున్న కోర్టులో పక్కన నిలబడి ఆడించాడన్నది ఇక్కడ అసలు సంగతి.

అలాగని తాడుంటే నష్టమే ఉండదని నేను చెప్పను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలని పూనుకుని, ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. వాళ్ళ కోసం బడులు పెట్టారు, పాఠాలు రాశారు, చివరికి నిఘంటువు తెచ్చారు. కానీ ఆ అడవుల్లో తిరిగి మలేరియా వచ్చి, మోతాదు మించిన క్వినైన్ వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. భాష కోసం బతికిన మనిషికి చెవులు పోవడం ఎంత పెద్ద నష్టమో! ఆ ఖర్చు ఆయన తెలిసి భరించారు, మానలేదు. అందుకే, దాటమని ఇంకొకరికి చెప్పేటప్పుడు ఖర్చు దాచిపెట్టి లాభం మాత్రమే చూపించడం అన్యాయం అంటాను. అది ఎవరికివారు లెక్క చూసుకుని ఒప్పుకోవలసిన సంగతి.

డబ్బు కూడా తాడే, ఆ మాట పైకి చెప్పడానికి మనకి మొహమాటం. నా స్నేహితురాలు ఉద్యోగం మానేసి చిరుధాన్యాల తినుబండారాల వ్యాపారం పెట్టింది. అందరూ ఆమె తెగువని మెచ్చుకుంటుంటే, "మా ఆయన జీతం వస్తోంది కాబట్టే మానగలిగాను, ఇంటి లోన్ తీరిపోయింది కాబట్టే నిద్రపోతున్నాను" అని నలుగురిలో చెబుతుంది. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం. ఆమె మాట విన్న కుర్రాళ్ళు రేపు రాజీనామా రాసే ముందు బ్యాంకు బ్యాలెన్స్ చూసుకుంటారు.

ఇప్పుడు నా విషయం. ఇన్నేళ్ళూ టెస్టింగ్‌లో పనిచేశాను. ఈ మధ్య డేటా టీమ్‌కి మారమని అడిగారు. పని నాకు ఆసక్తిగానే ఉంది, చెయ్యాలనే ఉంది. "మీలాంటి సీనియర్లు కంఫర్ట్ జోన్ దాటాలి మేడమ్" అన్నాడు మేనేజర్, నాకన్నా చిన్నవాడు, మంచివాడే. సరే, దాటతాను, మూడు కావాలి అన్నాను. మొదటి మూడు నెలలు పాత టీమ్ పనులు నా నెత్తిన వేయకూడదు. అనుమానం వచ్చినప్పుడు అడగడానికి ఆ పని తెలిసిన ఒక మనిషిని పేరు పెట్టి కేటాయించాలి, "ఎవరినైనా అడగండి" అంటే కుదరదు. ఆర్నెల్ల తరవాత నాకు సరిపడకపోతే ఇదే గ్రేడ్‌లో పాత టీమ్‌కి తిరిగి తీసుకుంటామని రాతపూర్వకంగా ఇవ్వాలి. మొదటి రెండింటికీ వెంటనే ఒప్పుకున్నాడు. ఆ పేరు కూడా ఇచ్చాడు, మొన్న సోమవారం అతనితో గంటసేపు కూర్చున్నాను. మూడోదానికి హెచ్‌ఆర్ వాళ్ళు అలాంటి పాలసీ లేదంటున్నారు. నోటిమాటగా చూసుకుంటాంలే మేడమ్ అంటున్నారు. మెయిల్‌లో రెండు లైన్లు రాస్తే చాలన్నాను. ఆ రెండు లైన్లు వచ్చిన రోజే ట్రాన్స్‌ఫర్ కాగితం మీద సంతకం పెడతాను.